కత్తి పెట్టకముందు ఫోన్: గొర్రెల మందల మధ్య ఆరు నెలల డైరీ

ఏప్రిల్ 3, 2025

ఈ రోజు నుంచి పని మొదలు. పాలమూరు వైపు నాలుగు ఊళ్ళు. నాలుగింటిలోనూ గొర్రెల మందలే ప్రధాన జీవనం. మేము ముగ్గురం: నేను, పశువైద్యంలో డిప్లొమా చేసిన ఒక తమ్ముడు, చాలా ఏళ్ళు ఆశా కార్యకర్తగా పనిచేసిన ఒక అక్క. తొలకరి పడి కొత్త గడ్డి మొలిచే లోపల, దొమ్మ రోగం వస్తే ఎవరేం చెయ్యాలో ఈ ఊళ్ళకు ముందే తెలిసి ఉండాలి. రోగం వచ్చాక కరపత్రాలు పంచడం నేను చూశాను. అప్పటికి కూర వండుకుని తినేసి ఉంటారు.

ఊళ్ళ పేర్లు ఈ డైరీలో రాయను. ఒక ఊరి పేరు పక్కన రోగం పేరు కనిపిస్తే చాలు, సంతలో ఆ ఊరి జీవాలను ఎవరూ ముట్టుకోరు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలకు ఆంత్రాక్స్ అని తేలినప్పుడు, ఇంత దూరంలో ఉన్న మా సంతలో కూడా బేరగాళ్ళు ఆ మాటే మాట్లాడుకోవడం నాకు గుర్తుంది.

దొమ్మ అంటే ఆ ఆంత్రాక్సే. గొర్రె పొద్దున బాగానే మేస్తుంది, మధ్యాహ్నానికి పడిపోతుంది. కొన్నిసార్లు ముక్కులోంచి, నోట్లోంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. పొట్ట తొందరగా ఉబ్బుతుంది, కాళ్ళు బిగుసుకోవు. ఈ రోగంలో అసలు కీలకం చచ్చిన తర్వాతే. కళేబరాన్ని కోయకుండా ఉంచితే లోపల కుళ్ళే క్రమంలో ఆ క్రిమి కొద్ది రోజుల్లో చాలావరకు నశిస్తుంది. కత్తి పెడితే రక్తానికి గాలి తగులుతుంది, క్రిమి గట్టి పెంకు కట్టుకుని స్పోరుగా మారుతుంది. ఆ స్పోరు మట్టిలో పదుల ఏళ్ళు బతికి ఉంటుంది. అంటే ఆ ఊరికి రోగం ఇంకో తరం దాకా ఉంటుందా లేదా అన్నది ఆ ఒక్క గంటలో కత్తి పట్టుకున్న మనిషి చేతిలో ఉంది.

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

ఏప్రిల్ 9

మొదటి మీటింగ్, పంచాయతీ ఆఫీసులో. కుర్చీలు, ఫ్లెక్సీ, చాయ్ అన్నీ పెట్టాం. గొర్రెల పెంపకందారుల సంఘం పెద్దలు, కొంతమంది కాపరులు, మొత్తం ముప్ఫై మంది దాకా వచ్చారు. పోస్టరు చూపించి తమ్ముడు చక్కగా చెప్పాడు: అకస్మాత్తుగా చచ్చిన జీవాన్ని కోయకూడదు, తినకూడదు, తోలు తీయకూడదు, వెంటనే చెప్పాలి.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ పెద్దాయన అడిగాడు. "బిడ్డా, వానలు పడ్డంక మా మందల చిటుక్కున పడి సచ్చేటియి ఎన్ని ఉంటయో తెల్సా? చిటుకు రోగం మాకు కొత్తనా? మా తాతల కాడికెళ్ళి సస్తున్నయి, కోసుకుంటున్నం, తింటున్నం. అన్నిటికీ ఫోన్ జేయమంటే రోజంత ఫోన్ల మీదనే ఉండాలె."

ఇంకో మాట ఆయన పక్కన నిలబడ్డ కుర్రవాడిది. "తొమ్మిది పదివేల జీవం అక్కా. కొయ్యకుంటే ఆ నష్టం ఎవరిస్తరు?"

మా దగ్గర జవాబు లేదు. తమ్ముడు "ప్రాణం కన్నా డబ్బు ముఖ్యమా" అన్నాడు. గది ఒక్కసారిగా చల్లబడిపోయింది. ఆ మాట తప్పని నాకు వెంటనే తెలిసింది. ఇక్కడ డబ్బంటే పిల్లవాడి ఇంటర్ ఫీజు, వడ్డీకి తెచ్చిన అప్పు. సాయంత్రం తిరిగి వస్తూ మాట్లాడుకున్నాం. ఆ వాక్యం ఇకపై మా ముగ్గురిలో ఎవరూ వాడకూడదని అనుకున్నాం.

చిటుకు గురించి ఆయన చెప్పింది నిజం. వానలకు లేత పచ్చిగడ్డి విరగమేసిన గొర్రె పేగుల్లో క్లాస్ట్రీడియం అనే క్రిమి ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. బాగా బలిసిన గొర్రె కూడా గంటల్లో పోతుంది. దొమ్మ వచ్చేదీ ఆ కాలంలోనే. కాపరి కంటికి రెండూ ఒక్కటే చావు. ఏడాదికి పదిసార్లు చూసేది చిటుకు, బతుకు మొత్తంలో ఒకటో రెండో సార్లు చూసేది దొమ్మ. పది సార్లు తిని ఏమీ కాని మనిషికి పదకొండోసారి ప్రమాదమని చెప్పి భయపెట్టలేం. అతని అనుభవం మా పోస్టరు కన్నా బలమైనది.

ఏప్రిల్ 12

రెండు రాత్రులు మంద దగ్గర ఉన్నాం. మా మొత్తం పనిలో ఇంతకన్నా ఉపయోగపడిన రోజులు లేవనే అనుకుంటున్నాను.

ఒక రైతు చేనులో మంద పెట్టారు. ఎరువు కోసం రాత్రుళ్ళు జీవాలను చేనులో ఉంచడం, అందుకు రైతు కాపరికి డబ్బో గింజలో ఇవ్వడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. వెదురు తడికలు చుట్టూ కట్టి, గొంగడి కప్పుకుని పడుకున్న కాపరుల పక్కన కూర్చుని నేనొక్క ప్రశ్నే అడిగాను: పోయిన ఏడాది చివరగా చచ్చిన గొర్రె గురించి చెప్పండి, పడిపోయిన క్షణం నుంచి.

ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్పారు. గొర్రె పడిపోతుంది. ఇంకా ఊపిరి ఉంటే గొంతు కోస్తారు, అప్పుడది చచ్చినది కాదు, కోసినది. ఊపిరి పోయి ఉంటే యజమానికి కబురు. తోలు తీసే మనిషికి వాడకు కబురు. గంటలోపు పని అయిపోవాలి, లేకపోతే "కూర పనికిరాదు". తోలు, తలకాయ, కాళ్ళు తీసినవాడికి. మాంసం కుప్పలు వేసి ఊళ్ళో సగం ధరకు, కొంత అరువుకు. పేగులు కడిగేది ఇంటి ఆడవాళ్ళు, బోరింగ్ దగ్గర. మిగిలింది కుక్కలకు.

నోట్‌బుక్‌లో పేర్లు లేకుండా చేతులు మాత్రం లెక్కపెట్టుకున్నాను. ఒక్క గొర్రెను పద్నాలుగు మంది ముట్టుకున్నారు. ఆ పద్నాలుగు మందిలో మా మీటింగుకు వచ్చినవాళ్ళు ఇద్దరు. తోలు తీసే మనిషి రాలేదు, పేగులు కడిగే ఆడవాళ్ళు రాలేదు, కాళ్ళు పట్టుకునే పిల్లలు సరేసరి. పంచాయతీ ఆఫీసులో కుర్చీల మీటింగ్ పెట్టి ఎవరిని పిలిచామో ఇప్పుడర్థమైంది.

ఏప్రిల్ 17

వాడలో మీటింగ్. వేపచెట్టు కింద, చీకటి పడ్డాక, వాళ్ళు పనులనుంచి వచ్చాక. ఊళ్ళో చచ్చిన పశువును ఎత్తేసే పని తరతరాలుగా ఈ ఒక్క వాడ మీదే ఉంది. రోగం వస్తే మొదట సోకేది వీళ్ళకు. మొదట కబురు అందాల్సింది కూడా వీళ్ళకే, కానీ ఇన్నాళ్ళలో ఏ శాఖ మీటింగుకూ తమను పిలవలేదని చెప్పారు. ఆ మాట వాళ్ళు కోపంగా కూడా అనలేదు, మామూలుగా అన్నారు. నాకు గొంతు పట్టుకుంది.

ఇక్కడ మాట్లాడింది ఆశా అక్క. గొర్రెల గురించి ఒక్క ముక్క కూడా ఎత్తకుండా తన చెయ్యి చాపి, ముంజేతి మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది. ముందు దోమ కుట్టినట్టు చిన్న దద్దురు. తర్వాత నీటి బుడగ. తర్వాత మధ్యలో బొగ్గులా నల్లటి పక్కు, చుట్టూ వాపు. నొప్పి ఉండదు. ఆంత్రాక్స్ అన్న పేరే గ్రీకులో బొగ్గు అన్న మాట నుంచి వచ్చింది. మనుషులకు సహజంగా సోకే ఆంత్రాక్స్‌లో 95 శాతానికి పైగా ఈ చర్మం రకమే. ముందే ఆసుపత్రికి వెళ్తే మామూలు యాంటీబయాటిక్ మందులతో తగ్గిపోతుంది. వదిలేస్తే ప్రతి ఐదుగురిలో ఒకరి దాకా ప్రాణం పోవచ్చు.

"నొప్పి లేదని ఊకుంటం గదా" అంది ఒక పెద్దమ్మ. ఆ మాటే అసలు సమస్య. నొప్పి ఉంటే ఎవరైనా వెళ్తారు. ఆశా అక్క కార్డు మీద "పుండు" అని మాత్రమే ఉన్న చోట "నొప్పి లేని నల్ల పుండు" అని అప్పటికప్పుడు పెన్నుతో రాసింది.

ఏప్రిల్ 24

మూడో ఊరు. నేల మీద ముగ్గుతో ఊరి పటం గీశారు: చెరువు, గుడి, గైరాను (ఊరి ఉమ్మడి మేత భూమి), మందలు తిరిగే దారులు. చింతగింజలు ఇచ్చి, పాతకాలంలో జీవాలు గుంపుగా చచ్చిన చోట పెట్టమన్నాం. కుర్రవాళ్ళు ఖాళీగా చూశారు. ఒక ముసలమ్మ వచ్చి వంగి, చెరువు శిఖంలో, అంటే చెరువు నీళ్ళు నిలిచే నేలలో, ఒక మూల మూడు గింజలు పెట్టింది. తన పెళ్ళయిన కొత్తలో అక్కడ మూడు మందల జీవాలను పూడ్చారట. ఆమె ఆ గింజలు పెట్టిన చోటు నుంచే కొన్నేళ్ళ కిందట పూడిక తీసి ట్రాక్టర్లలో చేలకు తోలారని పక్కనున్నవాళ్ళు చెప్పారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలంలో.

ఆ మట్టిలో ఏముందో పరీక్ష చేయించకుండా నేనేమీ అనలేను. అయితే ఆ మట్టి వెళ్ళిన చేలు ఏవో రాసుకున్నాం, ఆ చేలలో మంద పెట్టేవాళ్ళు టీకా జాబితాలో ముందుండాలని.

"నలభై ఏండ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా?" అని ఒక తాత అడిగాడు. ఆయనకు రెండు విషయాలు చెప్పాను. ఫ్రాన్స్‌లో పాశ్చర్ అనే శాస్త్రవేత్త 1880 ప్రాంతంలో, ఆంత్రాక్స్‌తో చచ్చిన గొర్రెలను పూడ్చిన పొలంలో వానపాములు పైకి తెచ్చిన మట్టిని పరీక్షించాడు. గుంతలో ఉన్న రోగం వానపాముల వెంట పైకి వచ్చిందని తేల్చాడు. రెండోది, స్కాట్లాండ్ దగ్గర గ్రునార్డ్ అనే చిన్న దీవి. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో బ్రిటన్ ప్రభుత్వం అక్కడ గొర్రెల మీద ఈ క్రిమిని ప్రయోగించి చూసింది. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్ళతో ఆ నేలను తడిపి శుభ్రం చేశారు. మనుషులు వెళ్ళవచ్చని ప్రకటించింది 1990లో. నలభై ఎనిమిదేళ్ళు.

తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత వానపాములనే పట్టుకున్నాడు. "ఎర్రలు పైకి తెస్తయంటే నిజమే, అవి తెస్తయి. నేను జూసిన." దీవి సంగతి ఆయనకు పట్టలేదు. ఎర్రలు పట్టాయి. మిగతా మూడు ఊళ్ళలో ఇక ఎర్రల సంగతే చెబుదాం.

మే 2

ఫోన్ చేయమంటున్నాం. చేస్తే ఏమవుతుంది? ఇవాళ మండలంలోని పశువైద్యుడి దగ్గర కూర్చుని ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టాం.

చెవి నరం దగ్గర సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం గాజు స్లైడు మీద పూయాలి. రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఆంత్రాక్స్ క్రిములు నీలం కడ్డీల్లా గొలుసుకట్టుగా, చుట్టూ గులాబీ రంగు పొరతో కనిపిస్తాయి. కోయాల్సిన పనే లేదు. చూడటానికి పట్టే సమయం తక్కువే. స్లైడు ల్యాబ్‌కు చేరడం, అక్కడ చూసే మనిషి ఉండటం, ఫలితం తిరిగి ఊరికి రావడం, ఇవే ఆలస్యం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం నియోజకవర్గానికి ఒకటే. అది వేరే ఊళ్ళో ఉంటే ఎదురుచూడాల్సిందే.

డాక్టరుగారు నిజాయితీగా మాట్లాడారు. "రెండు రోజుల్లో చెప్తా అని మీరు ఊళ్ళో చెప్పకండి. రెండు రోజులు ఎవరూ ఆగరు. పగలు అయితే మూడు గంటలు నేను ప్రయత్నిస్తా. రాత్రి అయితే పొద్దున." ఆయన సొంత ఫోన్ నంబరు ఇచ్చారు. నాలుగు ఊళ్ళకూ స్లైడు పెట్టెలు, సూదులు, చేతి తొడుగులు ఇచ్చి, ఊరికి ఇద్దరు కాపరి కుర్రవాళ్ళకు చుక్క తీయడం నేర్పడానికి ఒప్పుకున్నారు.

దాంతో మా కార్డు మారిపోయింది. "తినకండి, కోయకండి, తోలు తీయకండి" అన్న మూడు మాటలూ తీసేశాం. ఇప్పుడు ఒక్కటే ఉంది: కత్తి పెట్టకముందు ఫోన్. మనిషిని జీవితాంతం మారమని అడగడం లేదు. మూడు గంటలు ఆగమని అడుగుతున్నాం. చిటుకుతో చచ్చిన జీవాన్నైనా తినమని నేను ఎవరికీ చెప్పను. కానీ అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన విషయం.

సున్నం గురించి కూడా చర్చ వచ్చింది. గుంతలో కింద సున్నం, పైన సున్నం అని మనందరికీ అలవాటు. ఆంత్రాక్స్ అయితే సున్నంలోని కాల్షియం స్పోర్లను కాపాడే అవకాశముందని, అందుకే వాడకపోవడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 మార్గదర్శిలో ఉంది. ఇక్కడ మాత్రం సున్నం వేయమనే చెబుతూ వస్తున్నారు. ఊళ్ళో రెండు మాటలు నడిస్తే రెండూ పోతాయి. అందుకే కార్డులో సున్నం ఊసు లేకుండా, "ఆరడుగుల గుంత, చుట్టూ కంప, మిగతాది డాక్టరు చెప్పినట్టు" అని రాశాం.

మే 12

ఒగ్గు కథ చెప్పించాలని నాకు మొదటినుంచీ ఆశ. బీరప్ప కథ, మల్లన్న కథ వింటూ పెరిగిన ఊళ్ళు ఇవి. ఒక ఒగ్గు కళాకారుడిని కలిశాం. నేను రాసుకెళ్ళిన కథలో దొమ్మ ఒక రాక్షసి, మంద మీద పడుతుంది, కాపరి తెలివితో తరిమేస్తాడు. ఆయన మొత్తం విని, డోలు పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పాడు. "రోగాన్ని రాక్షసిని జేస్తే జనం ఏం జేస్తరు తల్లీ? యాటను కోసి మొక్కు చెల్లిస్తరు. ఫోన్ జేయరు."

కథ అక్కడే మార్చాం. రాక్షసి లేదు. గొర్రె పడిపోయాక కాపరికి, తోలు తీసే అన్నకు, ఇంటి ఇల్లాలికి మధ్య జరిగే గంటసేపటి వాదన, అంతే. కోద్దామని ఒకరు, ఆగుదామని ఒకరు. ఫలితం ఏమిటో చెప్పకుండా ఆయన మధ్యలో ఆపి, కూర్చున్నవాళ్ళను అడుగుతాడు: ఇప్పుడేం జేయాలె? రెండు ఊళ్ళలో చెప్పించాం. రెండో ఊళ్ళో ఆ ప్రశ్న దగ్గర అరగంట వాదులాట జరిగింది. కథ ముగించాల్సిన అవసరమే రాలేదు.

మే 28

టీకాలు. నైరుతి ఈ ఏడాది మే 24నే కేరళను తాకింది, మా వైపూ మబ్బులు ముందే కమ్మాయి. ఆంత్రాక్స్ టీకా రోగం వచ్చిన చరిత్ర ఉన్న చోట ఏడాదికోసారి, వానలకు ముందు వేస్తారు. శరీరంలో రక్షణ తయారవడానికి వారం పది రోజులు పడుతుంది. మాకు రావలసిన మందు ఆలస్యమైంది. రెండు ఊళ్ళలో వానకు ముందే అయిపోయింది, మిగతా రెండింటిలో బురదలో తడుస్తూ వేశారు. చూడి గొర్రెలు ఈసుకపోతాయన్న, అంటే కడుపు పోతుందన్న భయంతో కొందరు వాటిని దాచేశారు. నెలలు నిండిన చూడి గొర్రెలను మేమే పక్కన పెట్టి, చెవికి రంగు దారం కట్టి, ఈనాక వేయిస్తామని మాట ఇచ్చాం. అప్పుడు తడిక వెనక ఉన్నవి కూడా బయటికి వచ్చాయి.

జూన్ 8

వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. "మన మండలంలో గొర్రెలకు బర్డ్ ఫ్లూ వచ్చింది, మటన్ తినకండి." ఎవరిదో తెలియదు.

ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు హెచ్5ఎన్1 అని తేలినప్పుడు, ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ళ లారీలను మన సరిహద్దుల్లో ఆపారు. కోడి ధర పడిపోవడం ఇక్కడ అందరూ చూశారు. ఆ భయం మనసులో అలాగే ఉంది. దానికిప్పుడు గొర్రె తగిలించారు. గంటలోపు జవాబు ఇవ్వాలనుకున్నాం. ఇవ్వాల్సింది మేము కాదు. సంఘం పెద్ద తన గొంతుతో ముప్ఫై సెకన్ల మెసేజ్ పెట్టాడు: మన ఊళ్ళో ఏ జీవానికీ రోగం లేదు, డాక్టరు పొద్దున చూసిండు, ఏమన్నా ఉంటే నేనే చెప్త. "నేనే చెప్త" అన్న ఆ చివరి మాట ఆయనే కలిపాడు. సాయంత్రానికి పాత మెసేజ్ తిరగడం ఆగిపోయింది.

జూన్ 22

మాక్ డ్రిల్. గోనెసంచిలో ఇసుక, గడ్డి నింపి ముప్ఫై కిలోల "గొర్రె" తయారుచేశాం. ఏ రోజో ఎవరికీ చెప్పలేదు. పొద్దున తొమ్మిదికి గుట్ట కింద మంద దగ్గర పడేసి, కాపరి పిల్లవాడికి చెప్పాం: నీ గొర్రె చచ్చింది.

వాడు బిత్తరపోయాడు. నంబరున్న కార్డు ఇంట్లో గోడకు అంటించి ఉంది, వాడు గుట్ట కింద ఉన్నాడు. ఫోన్ ఉంది, సిగ్నల్ లేదు. పరుగెత్తి గుట్ట ఎక్కి తన అన్నకు చేశాడు, అన్న సంఘం పెద్దకు, ఆయన మాకు. మా దగ్గరికి కబురు చేరేసరికి నలభై నిమిషాలు. ఈలోగా సంచి దగ్గర ఎవరూ లేరు. నిజం గొర్రె అయితే కుక్కలు ముట్టేవి.

చుక్క తీయడం నేర్చుకున్న కుర్రవాడు తొడుగులు వేసుకోవడానికే తంటాలు పడ్డాడు. మేమిచ్చినవి చిన్న సైజు, అతనివేమో కర్ర పట్టి బతికిన చేతులు. సంచిని గుంత దాకా ఈడ్చుకుంటూ తీసుకెళ్ళారు. ఈడిస్తే దారంతా రక్తం. జేసీబీ వచ్చింది గానీ దారిలో ఒక తోటకు వేసిన ఇనుప గేటుకు తాళం, తాళంచెవి యజమాని దగ్గర, యజమాని హైదరాబాద్‌లో. మొత్తం అయ్యేసరికి పన్నెండున్నర.

మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుని అందరం తప్పులు రాసుకున్నాం. ఎవరినీ ఎవరూ అనలేదు. పరిష్కారాలు దాదాపు అన్నీ వాళ్ళవే. నంబరును ప్రతి కాపరి ఫోన్‌లో గొర్రె బొమ్మతో సేవ్ చేయడం, చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలా. కళేబరం మీద తుమ్మ కంప వేశాకే అక్కడినుంచి కదలడం. ముక్కు, నోరు, వెనక దూది కుక్కి, టార్పాలిన్‌లో చుట్టి నలుగురు మోయడం. గేటు లేని దారిలో, చెరువుకూ బోరుకూ దూరంగా ఇంకో చోటు. సర్పంచుల పదవీకాలం పోయినేడాది మొదట్లోనే ముగిసింది కాబట్టి, ఆ చోటుకు పంచాయతీ కార్యదర్శి, ప్రత్యేకాధికారి సంతకాలు తీసుకున్నాం.

ఆ "ఎవరిస్తరు" అన్న ప్రశ్న కూడా ఈ చెట్టు కిందే మళ్ళీ వచ్చింది. ఈసారి సంఘం పెద్ద జవాబు చెప్పాడు. గొర్రెకు ఐదు రూపాయల చొప్పున అందరూ వేసుకుని ఒక నిధి పెడదాం, ఫోన్ చేసి ఆగినవాడికి, కూర అమ్ముకుంటే వచ్చేంత, రెండున్నర వేలు ఇద్దాం. ఒక ఊరు ఒప్పుకుంది. ఒక ఊరు ఆలోచిస్తామంది. మిగతా రెండు వద్దన్నాయి.

జూలై 14

మొదటి నిజం ఫోన్. మధ్యాహ్నం రెండున్నర, నిధి పెట్టుకున్న ఊరి నుంచే. ముక్కులోంచి కొద్దిగా నురగ, రక్తం లేదు. మేం చేరేసరికి కంప వేసి ఉంది, ఇద్దరు కాపలా ఉన్నారు. కుర్రవాడు చుక్క తీసేసి, స్లైడును అగ్గిపెట్టెలో పెట్టి బండి మీద పంపేశాడు. నాకు లోపల టెన్షన్, అతను మాత్రం డ్రిల్లులో కన్నా నెమ్మదిగా పనిచేశాడు.

ఐదుంబావుకు డాక్టరు ఫోన్: ఆంత్రాక్స్ క్రిములు లేవు, చిటుకు లక్షణాలే.

యజమాని ముఖం చూశాను. "ఊకెనే పోయింది అక్కా" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకితే రెండో ఫోన్ రాదు. సంఘం పెద్ద అప్పటికప్పుడు అందరి ముందు రెండున్నర వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. "లేదని తెల్సింది. గది మంచి ముచ్చటే గదా. రేపు నా గొర్రె పడ్డా నేనూ ఆగుత." మేం చెప్పి ఉంటే ఆ మాటకు అంత విలువ ఉండేది కాదు. గొర్రెను పూడ్చారు. మర్నాడు డాక్టరు వచ్చి మందకు చిటుకు టీకా వేశారు. ఫోన్ చేసిన మందకు ముందు టీకా దొరికిందన్నది ఊళ్ళో బాగా పాకింది.

ఆగస్టు 20

ఇప్పటికి ఐదు ఫోన్లు. ఐదూ ఆంత్రాక్స్ కాదు. నాలుగు ఆ నిధి ఉన్న ఊరివే. నిధి వద్దన్న రెండు ఊళ్ళలో ఒక్క గొర్రె కూడా చావలేదా? చచ్చి ఉంటుంది. అక్కడ మా కార్డులు గోడల మీద చక్కగా ఉన్నాయి. ఆలోచిస్తామన్న ఊరు ఈ నెల నుంచి నిధిలో చేరింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఏఎన్ఎంనూ పశువైద్యుడినీ ఒకే వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఒకే మండలంలో ఇన్నేళ్ళు పనిచేస్తూ ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు.

సెప్టెంబరు 11

పొద్దున ఐదూ నలభైకి ఫోన్. యజమాని కాదు, కాపరి కాదు. వాడలో తోలు తీసే అన్న.

"అక్కా, నన్ను పిల్వనంపిండ్రు. రాత్రి రెండు సచ్చినయంట, ముక్కుల కెళ్ళి నల్లగ కారుతుందంట. నేను పోలే. కత్తి ఇంట్లనే ఉంది. మీరు జెల్ది రాండ్రి."

ఇది నిధి లేని ఊరు. చేరేసరికి యజమాని కోపంగా ఉన్నాడు, తనకు చెప్పకుండా ఫోన్ ఎలా చేస్తాడని. గొర్రెలు అలాగే ఉన్నాయి, కత్తి పెట్టలేదు, ఎందుకంటే పెట్టే మనిషి రాలేదు. డాక్టరుగారే స్వయంగా వచ్చి రెండు చెవులనుంచీ చుక్కలు తీసుకున్నారు. దూది, టార్పాలిన్, కంప. పిల్లలను దూరంగా పంపేశాం. మిగిలిన మందను ఆ చోటు నుంచి కదలనివ్వలేదు. తొమ్మిదిన్నరకు ఫలితం వచ్చింది, క్రిములు కనిపించలేదు. అయినా రక్తం కారిన తీరు చూసి డాక్టరు ఇంకో నమూనా పెద్ద ల్యాబ్‌కు పంపారు, అది వచ్చేదాకా కోయవద్దన్నారు. మధ్యాహ్నానికల్లా రెండింటినీ పూడ్చేశారు. గుంత తవ్వుతుంటే యజమాని కూడా పార పట్టాడు, కోపం కొంచెం దిగింది.

గేటు దాకా నాతో నడుస్తూ వచ్చి ఆ అన్న అడిగాడు. "అక్కా, అవుతలి ఊళ్ళె ఆగినోళ్ళకు రెండున్నర వేలు ఇస్తున్నరంట గదా. నేను ఆగితే నాకు తోలు పోయె, తలకాయ పోయె, కాళ్ళు పోయె. నాకేమన్న ఉంటదా?"

నిధి రాసుకున్న కాగితం నా సంచిలోనే ఉంది. అందులో యజమాని ఉన్నాడు. తోలు తీసే మనిషి లేడు. ఏప్రిల్‌లో పద్నాలుగు చేతులు లెక్కపెట్టుకున్న నేను, జూన్‌లో ఆ కాగితం రాస్తున్నప్పుడు పక్కనే కూర్చుని ఉన్నాను, ఆ ఊసు ఎత్తలేదు. అన్నకు ఆ సంగతే చెప్పాను. సోమవారం సంఘం మీటింగ్ ఉంది. ఈసారి అది వాడలో వేపచెట్టు కింద పెట్టమని పెద్దకు ఫోన్ చేశాను. సరేనన్నాడు, అన్ననే ముందు మాట్లాడమన్నాడు.